తెరమీద సూచీరావు

సూచీరావు అసలు పేరు ఆయన పెళ్ళి శుభలేఖలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. షేర్ల బ్రోకరు ఆఫీసులో ఫోనెత్తి, ఖాతాదారులు కొనమన్నవి కొని, అమ్మమన్నవి అమ్మడం ఆయన ఉద్యోగం. మార్కెట్ సూచీ పెరిగిన రోజు ఈలేసుకుంటూ ఇంటికొస్తాడు. పడిన రోజు చెప్పులు కూడా చప్పుడు కానివ్వడు. అందుకని ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ ఆయన భార్యే.

ఆ శనివారం మార్కెట్‌కు సెలవు. అయినా ఈలేసుకుంటూ వచ్చాడు.

"ఏమిటి సంగతి?" అంది భార్య అనుమానంగా.

"రేపు మ్యాట్నీకి ఒక వరస మొత్తం టికెట్లు కొనేశా. మీ నాన్న, మీ అమ్మ, మీ తమ్ముడు, వాడి భార్య, మీ పిన్నీ వాళ్ళూ... ఒక్కరు కూడా తప్పించుకోడానికి వీల్లేదు."

"పాపం, వాళ్ళేం చేశారండీ?"

"షేర్ మార్కెట్ సినిమా! అందులో నేనున్నాను!"

ఆ ముక్క ఆయన చెప్పడం అది ఎన్నోసారో ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. మొన్నామధ్య ఒక ఆదివారం సినిమావాళ్ళు ఆయన ఆఫీసును అద్దెకు తీసుకుని, మార్కెట్ కుప్పకూలే సీను తీశారు. అందులో తలబాదుకుంటూ ఏడ్చే ఉద్యోగి వేషం సూచీరావుది.

ఇంత హడావుడికీ మూలం మామగారు. ఆయన ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. ఇప్పటికీ మంచినీళ్ళడిగినా సింహాసనం మీదనుంచి అడిగినట్టే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో సూచీరావును ఎగాదిగా చూసి, "కుర్రాడు బుద్ధిమంతుడే, కానీ మొహంలో ఒక్క భావమూ పలకదు" అని తేల్చేశారు. ఆ మాట సూచీరావు గుండెల్లో ముల్లులా దిగి, ఇప్పటికీ అక్కడే ఉంది. రేపటితో అది బయటికి రావాలి. మామగారి నోటివెంట "శభాష్" అనిపించాలి.

"ఎందుకండీ అందరినీ పోగేయడం? ముందు మనిద్దరం చూసొద్దాం" అంది భార్య.

"నీకు కుళ్ళు" అన్నాడు సూచీరావు.

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసైనా జాగ్రత్తపడాల్సింది.

మర్నాడు హాల్లో వరసంతా వాళ్ళే. మామగారు కండువా సర్దుకుని మధ్య సీట్లో కొలువుతీరారు. సినిమా మొదలైంది. హీరో పొద్దున ఒక షేరు కొన్నాడు. పాట వచ్చింది. పాట అయ్యేసరికి హెలికాప్టరు దిగుతున్నాడు.

"అదేమిటి, కనీసం బ్రోకరు కమీషనైనా కట్టలేదే!" అన్నాడు సూచీరావు.

విలన్ వచ్చి, మొత్తం మార్కెట్‌నే కొనేస్తానని తొడకొట్టాడు. అదీ ఆదివారం రాత్రి! మార్కెట్ కూలిపోయిందని అందరూ గుండెలు బాదుకుంటుంటే, వెనక గోడమీది గీత మాత్రం పైపైకి పోతోంది.

"పడితే గీత కిందికి పోవాలి!" సూచీరావు సీట్లోంచి లేచాడు.

"మన టికెట్ల డబ్బులు సరిగ్గానే పోయాయి లెండి, కూర్చోండి" అంది భార్య.

ముందువరసల్లోంచి జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు. బావమరిది కూడా లేచాడు. "బావగారూ, కారుకి తాళం వేశానో లేదో..."

"కూర్చోవయ్యా! నా సీను ఇంకా రాలేదు."

అప్పటికి మామగారి గురక హీరో డైలాగుల్ని మించిపోయింది. ఇంతలో తెరమీద సూచీరావు ఆఫీసు ప్రత్యక్షమైంది!

"మామయ్యగారూ, లేవండి! నేనే!"

మామగారు కళ్ళు తెరిచారు. తెరమీద ఒక వీపు తలబాదుకుంటోంది. ఎంత గొప్పగా ఏడ్చినా వీపు వీపే.

"ఇందులో నువ్వెక్కడున్నావయ్యా?" అన్నారు మామగారు.

సూచీరావు ఆ వీపు వైపు వేలు చూపించాడు. సరిగ్గా అప్పుడే తెరమీద తలుపు తోసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. చూస్తే, అది ఆయన భార్య!

ఆ షూటింగు రోజు అందంగా కనబడాలని సూచీరావు కళ్ళజోడు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. షూటింగు సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయాడనుకుని, అది ఇచ్చిపోదామని వచ్చిందావిడ. కెమెరా అద్దాల గది వెనక ఉండటంతో ఆవిడకు కనబడలేదు. కనబడిందల్లా తలబాదుకుంటున్న మొగుడు. ఏదో ఘోరం జరిగిపోయిందని నిజంగానే నమ్మింది. షాట్ పాడుచేసిందని ఆయన ఆవిడ మీద మండిపడి, మళ్ళీ మొదట్నుంచీ ఏడ్చాడు. దర్శకుడు ఆ రెండో ఏడుపు పారేసి మొదటిదే ఉంచాడని ఆయనకిప్పుడు తెలిసింది.

తెరమీద ఆవిడ నేరుగా వచ్చి ఆయన గడ్డం పట్టుకుని తల ఇటు తిప్పింది. కళ్ళజోడు పెట్టింది.

"అంతా పోయిందా? పోతే పోనీయండి. ఇప్పుడు సరిగ్గా చూడండి. నేనున్నానుగా! పదండి ఇంటికి."

కళ్ళద్దాల్లోంచి బిత్తరపోయి ఆవిడనే చూస్తున్న సూచీరావు మొహం తెరనిండా పరుచుకుంది.

హాల్లో మిగిలిన జనమంతా చప్పట్లు కొట్టారు. జారుకోబోతున్నవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు. సూచీరావు చేతులు మాత్రం లేవలేదు. ఆ రోజు కోపంలో ఆయన ఈ మాటలు వినలేదు. అంతా పోయిందని నమ్మి కూడా ఈ మనిషి ఇలా అందా? ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"ఇప్పుడు పలికిందయ్యా!" అన్నారు మామగారు లేచి నిలబడి. "అది వెర్రిమొహమే అనుకో. కానీ ఎంత నిజమైన వెర్రిమొహం! శభాష్! అలా ఎలా నటించావు?"

"నటనేమిటి నాన్నా, ఇంట్లో రోజూ ఉండే మొహమే" అంది కూతురు.

సూచీరావు ఆవిడ వైపు వంగాడు. "ఇది సినిమాలో ఉంచారని నీకు ముందే తెలుసా?"

"ఆమధ్య సినిమావాళ్ళు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. నా మాటలు నాతోనే మళ్ళీ చెప్పించుకున్నారు కూడా."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పనిస్తేగా! అయినా ముందు మనిద్దరం చూద్దామన్నాను. కుళ్ళు అన్నారు."



సినిమా అయ్యాక హాలు బయట ఆవిడ చుట్టూ జనం మూగారు. ఒక పెద్దావిడ తన ఫోను సూచీరావు చేతిలో పెట్టి, "నాయనా, ఈ అమ్మాయితో మాకో ఫోటో తియ్యి. ఈ సినిమాకి పెట్టిన డబ్బులు ఈ పిల్ల ఒక్కతివల్లే దక్కాయి" అంది.

సూచీరావు ఫోటో తీశాడు. సరిగ్గా రాలేదేమోనని ఇంకొకటి తీశాడు.

"నువ్వెవరు నాయనా, హాలువాడివా?" అంది పెద్దావిడ ఫోను తీసుకుని, ఫోటోలోంచి కళ్ళెత్తకుండానే.

నేనూ ఈ సినిమాలో వేశానండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, వీధిలో వాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు.

"ఆవిడ మొగుణ్ణండీ!"