అత్తగారి ఎదుట ఆరు గ్లాసులు

ఆరోగ్య కేంద్రం పెద్దలారా, తప్పు మీదే. "మతిమరుపు మనిషి. రోజుకు ఆరు గ్లాసులు తాగించండి, లేదంటే సోమవారం ముక్కులో గొట్టం వేస్తాం" అన్నారు. ఎలా తాగించాలో చెప్పడానికి మాత్రం మీకు నోరు రాలేదు.

జావా దీవిలోని క్లాటెన్‌లో పర్జియో అత్తగారు వగియెమ్‌కు దాహంతో పెదవులు పగిలాయి. పర్జియో ఎర్ర గ్లాసు కొన్నాడు. స్ట్రా వేశాడు. పుచ్చకాయ కోయబోయి వేలు కోసుకున్నాడు. ప్రతిసారీ గ్లాసు ముందు పెట్టి పోలీసులా నెత్తిమీద నిలబడ్డాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చిన్నగా నవ్వేది.

"ఇప్పుడే తాగొచ్చాను నాయనా. మీరు శ్రమపడకండి."

"విన్నావా లస్త్రీ? వద్దంటోంది. నేనేం చెయ్యను?"

భార్య గిన్నెలు తోముతూనే అడిగింది. "ముప్పై ఏళ్లలో మీ శ్రమ గురించి మా అమ్మ ఎప్పుడైనా బాధపడిందా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు పడుతోంది? మీరెవరో ఆవిడకి తెలీదు. పరాయింటికి చుట్టపుచూపుగా వచ్చాననుకుంటోంది. ఇంటాయన ఎదురుగా కూర్చుని 'తీసుకోండి' అని, తనూ తాగితే గదా గ్లాసు ముట్టుకునేది?"

పర్జియో అతిథులొస్తే వేసుకునే పూల అద్దకం బాతిక్ చొక్కా తొడుక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "తీసుకోండమ్మా" అని ఒక గుక్క తాగాడు. ఆమె ఒక గుక్క తాగింది. అతను ఆగితే ఆమె కూడా ఆగింది.

మూడో గ్లాసు తియ్యటి టీకి పర్జియో పొట్ట డోలయింది. నాలుగోసారి ఉపాయం పన్నాడు. ఖాళీ కప్పు నోటికి ఆనించి గుటకలు వేశాడు. నలభై ఏళ్లు బజార్లో టీ కొట్టు నడిపిన మనిషి దగ్గరా ఆ వేషాలు? వగియెమ్ తొంగిచూసి, తన గ్లాసులో సగం అతని కప్పులో వంచింది.

"మొహమాటపడకండి బాబూ."

"అది మర్యాదంటే. నేర్చుకోండి" అంది లస్త్రి వంటింట్లోంచి.

సాయంత్రానికి ఆరు గ్లాసులూ అయ్యాయి. వగియెమ్ సంచి అందుకుంది.

"వెళ్లొస్తాను. ఇంటి దగ్గర మా అల్లుడున్నాడు. ఒట్టి దద్దమ్మ. నేను లేకపోతే అన్నం పెట్టుకోవడం కూడా చేతకాదు."

పర్జియో ఆమె చేతిలోని సంచి తీసుకుని పక్కన పెట్టాడు. తర్వాత, "భోంచేసి వెళ్దురు, కూర్చోండి" అన్నాడు.

ఆమె కూర్చుంది. లస్త్రి రెండు కంచాలు తెచ్చింది. పర్జియో బెల్టు వదులు చేసుకుని తన కంచం దగ్గరకు లాక్కున్నాడు.

కాబట్టి పెద్దలారా, ఆ గొట్టం పక్కన పడెయ్యండి. రేపు పొద్దున్నే మీలో ఒకరు రండి. నిలబడొద్దు, కూర్చోండి. 'తీసుకోండి' అనండి, ఆమెతో పాటు తాగండి. ఎల్లుండి ఇంకొకరు రండి. ఇలాంటి ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి, పర్జియోకి ఉన్నది ఒక్కటే పొట్ట.