సంరక్షిత నిద్ర

పట్టుబడిన ఐరోపా మలుగుచేపల్ని ఇకమీదట ఉద్యోగుల కలల్లో భద్రపరచాలని ఉత్తర్వు వచ్చినప్పుడు, కాకినాడలోని జలచర సంరక్షణ మండలి ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరి కలలో ఎంత ఖాళీ ఉందో సాయంత్రంలోగా చెప్పమని మాత్రం అడిగారు.

ఉత్తర్వులో న్యాయం లేకపోలేదు. మలుగు అంటే పాములా సన్నగా, పొడుగ్గా ఉండే చేప. ఐరోపా మలుగు అట్లాంటిక్ నడుమ, నాచు తేలే సముద్రంలో ఎక్కడో పుడుతుందంటారు గానీ ఆ పుట్టుక ఎవరూ కళ్ళారా చూడలేదు. ప్రవాహాన్ని పట్టుకుని ఐరోపా నదులకు చేరేసరికి అది అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగుంటుంది, దాని ఒంట్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది. ఆ పిల్లల్నే దొంగలు సూట్‌కేసుల్లో నింపి, తూర్పు దేశాల చెరువుల్లో పెంచి అమ్ముకోవడానికి తరలిస్తారు. చెరువులో బలుస్తుందే తప్ప అక్కడ పిల్లల్ని పెట్టదు. అందువల్ల పట్టిన కొద్దీ ఆ జాతి తరిగిపోతోంది.

అలాంటి సూట్‌కేసు ఒకటి విమానాశ్రయంలో దొరికి మండలికి వచ్చింది. వెనక్కి పంపుదామంటే, అవి తమవేనని అవతలి దేశం ఒప్పుకోవాలి. ఇటునుంచి చూస్తే అటు కనిపించే ప్రాణిని చూసి ఇది మాదేనని చెప్పడానికి అక్కడి అధికారులు జంకారు. తొట్టెల్లో ఉంచుదామంటే కరెంటు పోయినప్పుడల్లా నీళ్ళు వేడెక్కుతున్నాయి. కలకి కరెంటు అక్కర్లేదు. తాళం కూడా అక్కర్లేదు. పిల్లలు కంటికి ఆనవు కాబట్టి తనిఖీల్లో గొడవలు రాకుండా మండలి ముందే ఒక నియమం పెట్టింది: కనబడనంత మాత్రాన లేవని రాయరాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉద్యోగులంతా ఎవరి కుర్చీలో వాళ్ళు, దిండు కింద మలుగుల సంచి పెట్టుకుని నిద్రపోయేవారు. కునుకు పట్టగానే సంచి ఖాళీ అయ్యేది. భోజనాలయ్యాక నిద్రపోవడం ఆ ఆఫీసుకి కొత్తేం కాదు. ఇప్పుడు దానికి హాజరు పడుతోంది, అంతే. ఏళ్ళ తరబడి కిటికీ పక్కన గురకపెట్టినవాళ్ళకి సీనియారిటీ కలిసొచ్చింది.

ప్రమాదమల్లా మెలకువతోనే. నిద్రలో ఉన్నవాడు ఉలిక్కిపడి లేస్తే కలలో ఉన్నది దిండు మీద పడిపోతుంది. దొంగలు అది కనిపెట్టారు. మొదటి వారంలోనే ఎవరో టపాకాయ పేల్చారు. ముగ్గురు గుమస్తాల దిండ్ల మీద మలుగులు కొట్టుకుంటుంటే, టీ కుర్రాళ్ళ వేషంలో వచ్చినవాళ్ళు ఎత్తుకుపోయారు. దీనికి ఉపాయం అటెండరు అబ్బులు చెప్పాడు. అందులో అతని గొప్పేం లేదు, గోదావరి జిల్లాల్లో ఎవరికైనా అదే తోస్తుంది. రొయ్యపిల్లల్ని చెరువులో వదిలేముందు సంచుల్ని కాసేపు ఆ నీళ్ళమీదే తేలనిస్తారు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాకే మూతి విప్పుతారు. అలాగే నిద్రపోయేవాళ్ళ కాళ్ళు ప్లాస్టిక్ తొట్టెలో పెట్టించి, లేపే వేళకి అందులో మెల్లగా వెచ్చటి నీళ్ళు పోసేవాడు. కలా, ఆఫీసూ ఒకే వేడికి రాగానే మనిషి ఏమీ ఒలకకుండా కళ్ళు తెరిచేవాడు.

జూనియర్ అసిస్టెంటు పెమ్మాడి సత్యవేణికి ఒక్క మలుగునే ఇచ్చారు. ఆమె కల చిన్నది. ఇంటి వెనక ఉప్పుటేరు, దిగడానికి నాలుగు మెట్లు, గుంజకి కట్టిన ఒక నావ. మెట్ల మీద ఆమె భర్త ధనరాజు వల బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. ధనరాజు తుపానుకు ముందురోజు వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి చనిపోయాడనడానికి వీల్లేదు, మనిషి లేడు కాబట్టి బతికున్నాడనడానికీ వీల్లేదు. రికార్డుల్లో అతను ‘కనబడుటలేదు’. సత్యవేణి కాళ్ళరిగేలా తిరిగితే, ఆ మాట మీదే జాలిపడి మండలి ఆమెకి తాత్కాలిక ఉద్యోగం ఇచ్చింది. అతను ఆ కలలో తప్ప ఇంకెక్కడా దొరకడు. ఆమెకి నిద్రంటే మొగుడింటికి వెళ్ళినట్టే.

మొదటిరోజు ఏటి నీళ్ళలో చిన్న మెరుపు కదిలితే ధనరాజు వల పక్కన పెట్టాడు.

“ఎవరే ఈ సుట్టం?”

“గవర్నమెంటోళ్ళది మావా. పట్టకూడదంట.”

“పడితే నా వల కన్నంలోంచి దూరిపోద్ది. ఉండనీలే, మనకెవరున్నారు?”

వాళ్ళకి పిల్లల్లేరు. కలలో రోజులు త్వరగా గడుస్తాయి కాబట్టి మలుగు గబగబా పెరిగింది. గాజుతనం పోయి, పసుపు రంగు తిరిగి, మెట్ల కింద చీకట్లో కాపురం పెట్టింది. ధనరాజు గట్టు తవ్వి వానపాముల్ని తెచ్చి వేసేవాడు. అది అతని అరచేతిలోంచి జారిపోతూ తిన్నప్పుడల్లా నవ్వేవాడు. ఆ నవ్వు సత్యవేణి పెళ్ళయిన కొత్తలో విన్నది. మలుగు పెరుగుతున్న ఆ రోజుల్లో ఆమె ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చేది.

అంతలో తనిఖీ వచ్చింది. ఒకే తొట్టెలో కాళ్ళు పెట్టుకుని నిద్రపోతే ఒకరి కలలోకి ఇంకొకరు వెళ్ళవచ్చు. డిప్యూటీ డైరెక్టరు చక్రధరరావు బూట్లు విప్పి, పంట్లాం మడిచి, సత్యవేణికి ఎదురు కుర్చీలో పడుకున్నాడు. మెట్లు దిగాడు. మలుగుని చూసి తృప్తిపడ్డాడు. ధనరాజుని చూసి తృప్తిపడలేదు.

లేచాక తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ అన్నాడు. “సత్యవేణి గారూ, మీ కల సంరక్షిత ప్రాంతం. అందులో ఎవరో జాలరి వల పట్టుకు కూర్చున్నాడేంటండీ?”

“మా ఆయనండి.”

“ఆయన మన స్టాఫా?”

“కాదండి. ఆ కలలో ఆయన ముందునుంచీ ఉన్నారండి. చేపే తర్వాత వచ్చింది.”

“అందరూ అదే అంటారమ్మా. నోటీసిస్తాను, ఈ నెలలో ఖాళీ చేయించండి.”

చక్రధరరావు చెడ్డవాడేమీ కాదు. మండలిలో అందరికంటే విశాలమైన కల ఆయనది, అందుకే సూట్‌కేసులో సగం పైగా తన దిండు కిందే పెట్టించుకున్నాడు. ఆ తర్వాత పాపం ఆయనకి సొంత దిండు మీద నిద్ర పట్టడం మానేసింది. నిద్ర పట్టనివాడి కలని తనిఖీ చేసే విధానం ఇంకా రూపొందలేదు. అదే సమయంలో ఉప్పాడ రోడ్డులో ఒక రొయ్యల ఎగుమతిదారు చెరువుల్లో పొడుగాటి చేపలు తిరుగుతున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. ఊరివాళ్ళ మాటలు మండలి పరిధిలోకి రావు.

నోటీసు గడువు దగ్గరపడుతుండగా మలుగు తిండి మానేసింది. పసుపు పోయి వెండిరంగు తిరిగింది. కళ్ళు పెద్దవయ్యాయి. రోజంతా ఏటి మూతి వైపు ఈదడం, అక్కడ కల అయిపోతుంది కాబట్టి ముక్కు కొట్టుకుని వెనక్కి రావడం. దాని మూతి చితికిపోయింది. ధనరాజు మోకాళ్ళ లోతున దిగి దాన్ని చూశాడు.

“దీనికి సంద్రానికెల్లే యేళయిందే. లోపల పేగు కూడా ఎండిపోతది, ఇంకేం తినదు. ఎల్లి గుడ్లెట్టి సచ్చిపోవాలి, అదే దాని పని. ఇక్కడే ఉంచితే ఉత్తినే సచ్చిపోద్ది.”

సత్యవేణి ఆ సంగతి ఆఫీసులో చెప్పింది. సంరక్షించడానికి నియమాలున్నాయి గానీ వదిలిపెట్టడానికి లేవన్నారు. కస్టడీలో చనిపోతే బాధ్యత ఆమెదేనన్నారు. చక్రధరరావు తలుపు దగ్గరగా వేయించి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“మీ మంచికే చెప్తున్నానమ్మా. రేపు అబ్బులు చేతిలోంచి స్టీలు పళ్ళెం జారిందనుకోండి. మీరు ఉలిక్కిపడి లేస్తారు. చేప దిండు మీద పడుతుంది. దాని సంగతి నేను చూసుకుంటాను. చేప లేకపోతే సంరక్షిత ప్రాంతం లేదు, అది లేకపోతే నోటీసు లేదు. మీ ఆయన హాయిగా అక్కడే ఉంటాడు.”

“దాన్ని ఏం చేస్తారండి?”

“దానికి మంచి చెరువుంది.”

ఇంటికెళ్ళిన సత్యవేణి ఆ సాయంత్రం అన్నం కెలికి వదిలేసింది. ఒకవైపు మొగుడు. ఇంకోవైపు చేప. బయటివాళ్ళెవరు విన్నా ఇందులో ఆలోచించడానికేముందని ముక్కున వేలేసుకుంటారు. ఆమె కూడా పళ్ళెం జారనిద్దామనే అనుకుంది.

మర్నాడు కలలోకి వెళ్ళేసరికి ధనరాజు నావలో నీళ్ళు తోడేస్తున్నాడు. మలుగు మెట్టు మీద తల ఆనించి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది.

“ఏంటి మావా అది?”

“దీన్ని దింపేసొత్తాను. ఏటి మూతి దాకా నీ కల. ఆపైన నాకు తెలుసు.”

“ఆ రోజు కూడా తెల్లారేసరికి వచ్చేత్తానన్నావు.”

ధనరాజు నీళ్ళు తోడడం ఆపాడు. “నువ్వు వద్దంటే మానేత్తాను. తాడు నీకాడే ఉంది.”

నిజంగానే తాడు ఆమె చేతిలోనే ఉంది. కలల్లో అలాగే ఉంటుంది. పట్టుకుంటే మొగుడు మెట్ల మీద ఉంటాడు, ఎప్పటికీ అదే వల బాగుచేస్తూ. పక్కన ఈ పెద్ద కళ్ళ చేప ఉండదు. అది ఎవరి చెరువులోనో బలిసి, ఎవరి కంచంలోనో ఉంటుంది. చేప ఎక్కడని ధనరాజు అడగడు. అడగకుండా వానపాములు తవ్వుతాడు. అది తలుచుకుంటే సత్యవేణికి ఏడుపొచ్చింది. బయట ఎక్కడో అబ్బులు పళ్ళేలు సర్దుతున్న చప్పుడు ఏటి అడుగునుంచి వినిపించింది.

“చలి ఎక్కువుంటాది. దుప్పటేసుకో,” అని ఆమె తాడు విప్పింది.

నావ కదిలింది. మలుగు దాని పక్కనే, నీడలో ఈదింది. ఏటి మూతి దగ్గర కల అంచు అడ్డం రాలేదు. తలుపు కర్టెన్‌లా తొలగి వాళ్ళని పోనిచ్చింది. అవతల నీళ్ళు ఉన్నాయని ఆమెకి ఆ పూట తెలిసింది. ధనరాజు చెయ్యి ఎత్తాడు. అప్పుడే పళ్ళెం పడింది.

చక్రధరరావు స్వయంగా దిండు ఎత్తి చూశాడు. గలేబు విప్పించాడు. దూది పీకించాడు. దిండంతా తడిసి ఉంది. తడి నాలిక్కి ఉప్పగా తగిలింది, ఇంకేమీ లేదు. మర్నాడు ఒకే తొట్టెలో కాళ్ళు పెట్టి కల కూడా వెతికాడు. మెట్ల మీద సగం బాగుచేసిన వల దొరికింది. గుంజ దొరికింది. ఆమె మీద చర్య తీసుకోవడానికి ఆయన చాలా ప్రయత్నించాడు గానీ మండలి నియమమే అడ్డొచ్చింది. కనబడనంత మాత్రాన మలుగు లేదని రాయకూడదు. కాబట్టి దాన్నీ ‘కనబడుటలేదు’లో చేర్చారు. ధనరాజు ఆక్రమణ స్వచ్ఛందంగా తొలగిందని పై ఆఫీసుకి తెలియజేశారు.

పై ఆఫీసు చాలా సంతోషించింది. రాష్ట్రంలో పూర్తిగా ఖాళీ అయిన మొట్టమొదటి కల అది. సత్యవేణిని పర్మనెంటు చేశారు. ఆమె దిండు కింద ఈసారి నిండు సంచి పెట్టారు. ఆమె రోజూ మధ్యాహ్నం నిద్రపోయి, మెట్ల మీద కూర్చుని, గాజుపిల్లల్ని కాస్తుంది. వల వాడటం నిషేధం కాబట్టి దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఏటి మూతి వైపు మాత్రం చూస్తుంది. చూడటం నిషేధం కాదు.

ఆ ఫలితాలు చూశాక మండలి జాలరిపేట మొత్తాన్ని సంరక్షిత నిద్రా ప్రాంతంగా ప్రకటించింది. అక్కడి కలలన్నీ నీళ్ళున్నవే, చేపలకి అనువైనవే. ఒక్కటే చిక్కు, ప్రతి ఇంటి కలలోనూ ఎవరో ఒకరు ముందే ఉన్నారు. ఎవరి మనుషుల్ని వాళ్ళే నెలలోగా ఖాళీ చేయించుకోవాలి. సహకరించినవాళ్ళకి ప్లాస్టిక్ తొట్టె ఉచితం. ఎగుమతిదారు చెరువుల దగ్గర మండలి బోర్డు పెట్టలేదు, అవి కలలు కావు కనుక.

తొట్టెలు పంచడానికి, కాళ్ళు ఎలా పెట్టాలో చూపించడానికి మండలి సత్యవేణినే పంపింది. అనుభవం ఆమెకే ఉంది. పేటలో మొదటి ఇల్లు బంగారమ్మది. ముసలామె గడపలో కూర్చుని తొట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నా కొడుకు వత్తాడమ్మా నిద్దట్లో. ఆడిప్పుడు యాడికెల్తాడు?”

“సముద్రంలోకే కదా మామ్మా.”

“మళ్ళీ వత్తాడా?”

“కనబడనంత మాత్రాన లేడని మేం రాయం,” అంది సత్యవేణి. అది నియమం. ఆమె దాన్ని నమ్మింది కూడా. తర్వాత వంగి ముసలామె కాళ్ళు రెండూ తొట్టెలో పెట్టి, చెంబుతో మెల్లగా నీళ్ళు పోస్తూ, మరీ చల్లగా లేవు కదా అని అడిగింది.