పెద్ద దవడ

ఆ ఉదయం కాశప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఇత్తడి డబ్బాలు విప్పాలి, లోపలి కట్టుడు పళ్ళు బయటికి తీసి నునుపు చేయాలి, పది గంటల బస్సు రాకముందే ఇంద్రసేనయ్య నోట్లో ఆయన పళ్ళు కూర్చోబెట్టాలి. అంతే. అది సవ్యంగా జరగకపోతే మాత్రం ఉద్యోగం పోతుంది. కిందటి నెల డబ్బాను తొందరపడి కుతకుతా ఉడికించి, పళ్ళసెట్టు నిండా బుడగలు తెప్పించినందుకు పళ్ళ డాక్టరు జయరాం, "ఇంకొకటి చెడగొట్టినావంటే మళ్ళా పత్తి జిన్ను మిల్లుకే పోతావు" అని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ ఉదయం డాక్టరు ఏదో పనిమీద బళ్ళారి వెళ్ళాడు.

అందుకే ఈసారి కాశప్ప రెండు రోజుల ముందు నుంచే భయభక్తులతో పని చేశాడు. ఇద్దరి పై దవడలకూ తీసిన ప్లాస్టరు అచ్చులకు ముందుగా పూజ చేశాడు. ఆదోని పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య అచ్చుకు కుంకుమ బొట్టు, కౌతాళం నాటకాల గిడ్డయ్య అచ్చుకు విభూతి రేఖలు పెట్టాడు. గుర్తుకు గుర్తు, పుణ్యానికి పుణ్యం. గిడ్డయ్య ముప్పై ఏళ్ళుగా నరసింహస్వామి వేషం కడుతున్నాడు. పళ్ళన్నీ ఊడిపోయాక, వేషానికని కోరలున్న పలువరస చేయమన్నాడు.

అచ్చుల్ని నీళ్ళలో నానబెట్టి తీసేసరికి బొట్టూ పోయింది, విభూతీ పోయింది. కాశప్ప కంగారు పడకుండా బుర్ర వాడాడు. ఒక అచ్చు పెద్దది, ఒకటి చిన్నది. నరసింహస్వామిది పెద్ద దవడ కాక చిన్న దవడ అవుతుందా? పెద్ద అచ్చు మీద మైనంలో కోరలు, చిన్నదాని మీద మామూలు పళ్ళు నిలబెట్టాడు. డబ్బాలో ప్లాస్టరు మధ్య పాతి, వేడినీళ్ళతో మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు ముద్ద దట్టించి, ఈసారి నిదానంగా ఉడికించాడు. ఒక్క బుడగ లేదు. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

తొమ్మిదిన్నరకు ఇంద్రసేనయ్య వచ్చాడు. ఎమ్మిగనూరులో బసవన్న, మాదన్న అనే అన్నదమ్ములకు బావినీళ్ళ వంతుల మీద మూడేళ్ళుగా తగాదా. ఆ రోజు బస్సులో పోయి తీర్చాల్సిన పెద్దమనిషి ఈయన. బోసినోటితో పోయినసారి తీర్పు చెబుతుంటే జనం నవ్వారు. ఈసారి నవ్వితే పెద్దరికమే వదిలేస్తానని ఇంట్లో చెప్పి వచ్చాడు.

కాశప్ప మామూలు పళ్ళు తీసి ఆయన నోట్లో పెట్టాడు. అవి చిగుళ్ళ మీద నిలవక అరచేతిలో పడ్డాయి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడ్డాయి. పెద్ద దవడ ఎవరిదో కాశప్పకు అప్పుడు అర్థమైంది. వీధిలో బస్సు హారను మోగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ, జిన్నులో పీల్చిన పత్తి దుమ్ము గుర్తొచ్చి మూసేశాడు. గోడమీది అద్దం తీసి బల్ల కింద పెట్టి, కోరల పలువరసను ఆయన దవడకు నొక్కాడు. అది టక్కున కూర్చుంది.

"ఎవరివో పెట్టుకున్నట్టు ఉండాయే" అన్నాడు ఇంద్రసేనయ్య. మాట స్పష్టంగా వచ్చింది. ఆయనే ఆశ్చర్యపోయాడు.

"కొత్తపళ్ళు రెండు దినాలు అట్లనే ఉంటాయి సామీ. నాలికతో తడమాకండి."

"అద్దం యాడ?"

"పగిలిపోయింది సామీ."

ఆయన బస్సెక్కాడు. జేబులో ఆకురాయి వేసుకుని కాశప్ప కూడా ఎక్కాడు. దారిలో ఏదో సాకుతో పళ్ళు తీయించి కోరలు అరగదీయాలని అతని ఆశ.

ఒక సీటులో తిమ్మక్క అనే ఆవిడ వంకాయల బుట్టతో కూర్చుంది. "కొంచెం జరుగుతావామ్మా?" అని ఇంద్రసేనయ్య మర్యాదగా నవ్వాడు. ఆవిడ జరిగింది. వెనక సీటువాళ్ళూ జరిగారు. కాసేపటికి ఆవిడ ఊరూ పేరూ లేని చోట బస్సు ఆపించి దిగిపోయింది.

"సూసినావా కాశప్పా, మాట సక్కగుంటే మర్యాద ఎట్లొస్తుందో."

"ఒగసారి తీసియ్యండి సామీ, రవ్వంత ఆకురాయి పట్టాల."

"మూడేండ్లకు మాటొచ్చింది. తీసేది లేదప్పా."

ఎమ్మిగనూరులో బావిగట్టు దగ్గర అన్నదమ్ములు అప్పటికే కేకలు వేసుకుంటున్నారు. ఇంద్రసేనయ్య నోరు మూసుకుని ఇద్దరి మాటా విన్నాడు. కాశప్ప అసలు నరసింహస్వామికే మొక్కుకున్నాడు. చివరికి ఆయన లేచి, ఆప్యాయంగా నవ్వి అన్నాడు:

"ఇంతకాలం మెత్తగా ఉన్నా. ఈపొద్దు తేల్చకుండా పోను."

బసవన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "తేలిపోయింది సామీ. పొద్దుటి నీళ్ళు తమ్మునికే."

"నాకొద్దు సామీ" అన్నాడు మాదన్న. "అన్నకే ఉండనీండి."

ఇప్పుడు ఇవ్వడానికి తగాదా మొదలైంది. ఒకరోజు ఒకరికి, ఒకరోజు ఒకరికి అని తేల్చి ఇంద్రసేనయ్య సాయంత్రం బస్సుకు ఆదోని చేరాడు. నేరుగా, అప్పటికి బళ్ళారి నుంచి తిరిగొచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కాశప్ప వెనకాలే వెళ్ళి, ఉద్యోగం ఎలాగూ పోయేదే కదా అని గోడకున్న తన తువ్వాలు తీసుకున్నాడు.

"డాక్టరూ, ఏం పళ్ళప్పా ఇవి" అని ఇంద్రసేనయ్య నోరంతా తెరిచి నవ్వాడు.

జయరాం కుర్చీలో వెనక్కి ఒరిగి కాశప్ప వైపు చూశాడు. "ఒకసారి ఆ పళ్ళు తీసియ్యండి సామీ."

"వీటి జోలికొచ్చేది లేదు. ఈ కాశప్పను పనిలోనించి తీసేస్తావంట, బస్సులో చెప్పినాడు. తీసినావంటే నేనే వచ్చి మాట్లాడతా" అంటూ ఆయన ఇంకా దగ్గరికి వంగాడు.

"తీయను సామీ" అన్నాడు డాక్టరు, అచ్చం బసవన్న గొంతుతో.

గిడ్డయ్యకు కాశప్ప చిన్న అచ్చు మీద మళ్ళీ కోరలు కట్టిచ్చాడు. కోరల సంగతి ఇంద్రసేనయ్యకు ఎవరూ చెప్పలేదు; ఆయన మొహం మీద మాట చెప్పే ధైర్యం ఆయన ఇంట్లో మొదటి నుంచీ ఎవరికీ లేదు. అద్దం ఉండిన మేకుకు ఆ రోజు నుంచి డాక్టరుగారి గొడుగు వేలాడుతోంది.