రెండు వందల పన్నెండో మేకు

విమానాల బడి చరిత్ర ఒక మంగళవారం ఉదయం పోయింది. దొంగలెత్తుకుపోలేదు, కాలిపోలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టిన రెండు కట్టలుగా లాండ్రీ నుంచి తిరిగి వచ్చింది.

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని చిన్నదే. విమానాల షెడ్డులో గోడ ముందు కుర్చీ వేసుకుని, గోడ మీది పేర్లన్నీ నోటుబుక్కులోకి ఎక్కించి, భోజనాల వేళకు ఇల్లు చేరాలి. ఆదివారంతో బడికి యాభై ఏళ్లు నిండుతాయి. బడి పెట్టిన అన్నయ్య నిరుడు పోయాడు. పోయేముందు, "దీని చరిత్ర నువ్వే రాయాలిరా. ఇన్నేళ్లు పిల్లల తప్పులు దిద్దావు, నా తప్పులూ దిద్దు" అని, బడిపంతులుగా రిటైరైన ఈ తమ్ముడి దగ్గర మాట తీసుకున్నాడు.

సర్కారు కాగితాలు సర్కారుకు పంపడమే తప్ప, అన్నయ్య తన దగ్గర ఏ రిజిస్టరూ ఉంచుకోలేదు. ఆయన రిజిస్టరు ఆ గోడే. పూర్వం గురువు వెనక సీట్లో కూర్చుని, ముందున్న శిష్యుడు తప్పు చేస్తే చొక్కా పట్టుకుని లాగేవాడట. అందుకని శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజున అతని చొక్కా వెనకంచు కత్తిరించి, అన్నయ్యే పేరూ తేదీ సిరాతో రాసి, గోడకు మేకు కొట్టి తగిలించేవాడు. ఇక ఇతన్ని లాగేవాళ్లు అక్కర్లేదని దాని అర్థం.

మాస్టారు వెళ్లేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. మేకులు మాత్రమే ఉన్నాయి.

"గుడ్డలేవయ్యా?"

"సున్నం వేయించాం కదండీ, తీసి లాండ్రీకిచ్చాను" అన్నాడు మెకానిక్కు, మెచ్చుకోలు కోసం చూస్తూ. "యాభై ఏళ్ల మురికి! పెద్దపెద్దవాళ్లొస్తున్నారు, ఏం బాగుంటుంది చెప్పండి?"

"మరి వాటి మీద పేర్లు?"

"మొదటి ఉతుక్కి పోలేదటండీ. మూడోసారికి పూర్తిగా వదిలాయి. లాండ్రీ ఆయన పట్టుదల మనిషి."

మాస్టారు ఒక గుడ్డను కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. పేర్లు ఎవరినైనా అడిగి రాసుకోవచ్చు. అన్నయ్య చేతిరాతను ఎవరిని అడగాలి? కోప్పడటం తేలిక కాబట్టి కోప్పడ్డారు.

"అన్నీ వచ్చాయా, కనీసం?"

ఎంచారు. గుడ్డలు రెండు వందల పదకొండు. మేకులు రెండు వందల పన్నెండు. మళ్లీ ఎంచినా అంతే.

లాండ్రీకి ఫోను చేస్తే అవతలి మనిషి నొచ్చుకున్నాడు. "మా దగ్గర గుడ్డ పోవడమా! ఇన్నేళ్లలో బొత్తాం పోలేదు సార్!" అరగంటలో స్వయంగా వచ్చి, జేబులోంచి నాలుగు తెల్ల గుడ్డముక్కలు తీసి బల్ల మీద పరిచాడు. "ఒకటి కదా పోయింది? నాలుగు తెచ్చాను. నచ్చింది ఉంచుకోండి."

ఈలోగా మెకానిక్కు తన తప్పు దిద్దుకుందామని పాత శిష్యులందరికీ ఒక మెసేజి పెట్టాడు: ఒక గుడ్డ పోయింది, మొట్టమొదటిది కావచ్చు, ఎవరిదో చెప్పగలరు. మధ్యాహ్నానికి షెడ్డు ముందు మూడు కార్లు ఆగాయి.

"పోయింది నాదే. ఈ బడిలో మొదట ఎగిరింది నేనే" అన్నాడు హోటలు యజమాని.

"నువ్వా? నువ్వు దిగిన దిగుడికి చక్రం ఊడి పక్క పొలంలో పడింది. దాన్ని ఎగరడం అంటారా?" అన్నాడు రిటైరైన పైలట్.

పళ్ల డాక్టరు సంచిలోంచి వెనకంచు లేని చొక్కా తీసి బల్ల మీద పెట్టాడు. "సాక్ష్యం."

మాస్టారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, చొక్కా కొత్తది. కాలరుకి ధర చీటీ కూడా ఊడలేదు."

"జాగ్రత్తగా దాచుకున్నానండీ!"

"కత్తిరించిన దారాలు మీ ప్యాంటు మీదే ఉన్నాయి."

ముగ్గురూ ఒక్కసారిగా అరవసాగారు. మూడింటికి ఆహ్వానాలు అచ్చు వేయించుకుని వదిన వచ్చింది. అన్నయ్య పోయాక బడిని నడుపుతున్నది ఆమే. గొడవ విన్నది, గోడ చూసింది, మెకానిక్కు వైపు తిరిగింది.

"ఆ చివర విడిగా ఉన్న మేకుకున్న టోపీ ఏదయ్యా?"

"సారుగారి టోపీ కదమ్మా, దులిపి సొరుగులో పెట్టాను. దాని కింద గుడ్డ ఉండే ఉంటుందని..."

"దాని కింద ఎప్పుడూ ఏమీ లేదు." మాస్టారి వైపు చూసింది. "ఏమయ్యా, ఆ రోజు నిన్ను ఒక్కడినే విమానం ఎక్కిస్తే, రన్‌వే చివరిదాకా పోయి, 'పిల్లల బడికి వేళయింది' అని దిగొచ్చేశావు, గుర్తుందా? ఆ సాయంత్రమే కొట్టాడు మీ అన్నయ్య ఆ మేకు. 'తీరిక దొరికినప్పుడు వస్తాడులే' అన్నాడు. ఖాళీగా కనబడితే నువ్వు చిన్నబోతావని తన టోపీ తగిలించాడు."

డాక్టరు చొక్కాను మెల్లగా సంచిలోకి తోసుకున్నాడు.

"అయితే మా నాలుగూ తీసుకెళ్లిపోనా?" అన్నాడు లాండ్రీ ఆయన.

ఆదివారం వదిన టోపీని తిరిగి దాని మేకుకు తగిలించింది. పాత శిష్యులు ఎవరి పేరు వాళ్లే గుడ్డల మీద రాసుకున్నారు. ఆ ముగ్గురూ బడి మొదటి రోజు తేదీయే వేసుకున్నారు. మాస్టారు దిద్దలేదు, అలాగే ఎక్కించుకున్నారు. చరిత్ర అచ్చయింది. మాస్టారికి రిటైరైనప్పటి నుంచీ తీరికే.

రెండు వందల పన్నెండో మేకుకు ఇంకా టోపీయే ఉంది.