జీడితోట కౌలు

ఆ ఆదివారం పదిన్నరకి సినిమా, పన్నెండున్నరకి పులిహోర, ఒంటిగంటకి పుస్తకాల అప్పగింత. రమణమూర్తి వేసుకున్న ప్రణాళిక ఇంతే. రాయగడ రైల్వేలో ఇరవై ఏడేళ్ళుగా సిగ్నళ్ళు చూసుకుంటున్న మనిషి కాబట్టి, ఏది ఎప్పుడొచ్చి ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసి ఉండాలనుకుంటాడు. ఆ రోజు ఏదీ ఆయన అనుకున్న చోట ఆగలేదు.

ఊళ్ళోని తెలుగు మిత్రమండలికి ఆయనే కార్యదర్శి. శ్రీకాకుళంలో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు తిరుమలరావుగారు, తన ఆరు బీరువాల పుస్తకాలనీ ఒడిశాలో ఏదో ఒక తెలుగు సంఘానికి ఇచ్చేస్తానన్నారు. పోటీలో చివరికి మిగిలినవి రెండే, రాయగడ, కోరాపుట్. కోరాపుట్ వాళ్ళు కిందటి వారమే మాస్టారికి హరికథ వినిపించి, శాలువా కప్పి, అల్లం పెసరట్లు పెట్టి పంపారు. దానికి దీటుగా రమణమూర్తి దగ్గరున్నది ఒక్కటే: కూతురు కిరణ్మయి తీసిన సినిమా.

కిరణ్మయి రెండేళ్ళు చెమటోడ్చి, ఉద్యోగం మధ్య దొరికిన సెలవులన్నీ ఖర్చుపెట్టి, కోరాపుట్ దగ్గర దేవమాలి కొండ మీద తీసిన సినిమా అది. ఇంకా ఎవరూ చూడలేదు. చూపిస్తామని ఒప్పుకున్న మొదటి హాలు నాన్నదే. నెల క్రితం ఆయన ఫోన్లో కథ అడిగాడు కూడా.

"ఇద్దరు మగపిల్లలు నాన్నా. సిన్నప్పట్నుంచీ స్నేహితులు. సెలవులకని దేవమాలి ఎల్తారు. అక్కడ ఆ స్నేహం కాస్తా ప్రేమవుద్ది."

"స్నేహమంటేనే ప్రేమ కదమ్మీ!"

"అది కాదు నాన్నా, ఇది నిజం ప్రేమ..."

"నిజం స్నేహమంటే నిజం ప్రేమే. బంగారం నాంటి కథ!" అని ఆయన ఫోన్ పెట్టేసి, నేరుగా బ్యానర్ల కొట్టుకి వెళ్ళాడు. 'నిష్కల్మష స్నేహానికి నిలువుటద్దం! కుటుంబ సమేతంగా రండి!' అని పెద్దక్షరాలతో రాయించాడు.

చిక్కల్లా ఒక్కటే కనిపించింది. సినిమా ఒడియాలో ఉంది. హాలు నిండా కూర్చున్న రెండు వందల మందికీ ఒడియా కొట్టిన పిండి. రానిది మాస్టారొక్కరికే. "నేనున్నాను కదండీ. మైకు పట్టుకుని ఏ ముక్కకా ముక్క తెలుగులో సెప్పేస్తాను," అని రమణమూర్తి మాస్టారి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. సినిమా మొదలైంది.

నలభై నిమిషాలు అద్భుతంగా సాగింది. గగన్ బడిపంతులు, టుకునా లారీ స్పేర్‌పార్టుల కొట్టు యజమాని. బస్సెక్కారు, జోకులేసుకున్నారు, కొండెక్కారు, గుడారం వేసుకున్నారు. రమణమూర్తి గొంతు మార్చి మార్చి చెబుతుంటే మాస్టారు తల పంకిస్తున్నారు. అంతలో తెర మీద వాన మొదలైంది. గుడారంలో గగన్ టుకునా చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ అన్నాడు: "ము తొతే భొల పాఏ."

నువ్వంటే నాకు ప్రేమ అని. ఆ ఊళ్ళో కూరగాయల బండి తోసేవాడికి కూడా తెలిసిన మాట. మాస్టారు చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తున్నారు. ఆరు బీరువాలూ లారీ ఎక్కి కోరాపుట్ ఘాట్‌రోడ్డు పట్టుకున్నట్టు కళ్ళకి కట్టింది.

"నీతో కలిసి జీడితోట కౌలుకి తీసుకోవాలనుంది," అన్నాడు మైకులో.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తెర మీద టుకునా కళ్ళు తుడుచుకున్నాడు.

"కౌలుకి ఏడుపెందుకండీ?" అన్నారు మాస్టారు.

"వానల్లేవండి. ఈ ఏడు పూత రాదని బెంగ."

తెర మీద కుండపోతగా కురుస్తోంది. మాస్టారు ఒకసారి తెరని, ఒకసారి రమణమూర్తిని చూశారు. ఈలోగా గగన్ టుకునాని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టాడు.

"అదేమిటండీ?"

"ఒప్పందం కుదిరిందండి. సంతకం రానోళ్ళు ఇక్కడ ఇలాగే సేస్తారు."

"ఆ అబ్బాయి బడిపంతులన్నారు కదా?"

"పంతులేనండి. కలం తేడం మర్చిపోయేడు."

హాలు గొల్లుమంది. పొట్ట పట్టుకున్నవాళ్ళు, కుర్చీలోంచి జారినవాళ్ళు. 'ఇంట్లో తెలిస్తే ఎలా?' అని టుకునా అన్నప్పుడు, వాళ్ళింట్లో ఎవరికీ జీడిపప్పు పడదని చెప్పాడు రమణమూర్తి. 'లోకం ఏమంటుంది?' అన్నప్పుడు, లోకంలో జీడిపప్పు ధర పడిపోయిందన్నాడు. ఒక్క క్షణం ఆ నవ్వులకి ఆయనకే గర్వం కలిగింది. అప్పుడు చూశాడు కూతురిని.

కిరణ్మయి హాలు చివర లాప్‌టాప్ పక్కన నిలబడి ఉంది. ఆమె తెర వైపు చూడటం లేదు. తండ్రినే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా ఆయన తట్టుకునేవాడేమో. రెండేళ్ళ కష్టం మీద రెండు వందల మంది నవ్వుతుంటే, దాన్ని అలా చేసింది కన్నతండ్రేనని ఇంకా నమ్మలేకపోతున్న చూపది. రమణమూర్తి చేతిలో మైకు బరువెక్కింది.

సరిగ్గా అప్పుడే తెర మీద ఒక పెంకుటింటి గుమ్మం, ఆ గుమ్మంలో ఒక ముసలావిడ కనిపించారు. హాలంతా ఒక్కసారి "అమ్మన్నమ్మగారు!" అని కేక వేసింది.

ఆవిడ సాక్షాత్తూ రమణమూర్తి అత్తగారు. గుణుపురం దగ్గర వ్యవసాయం. ఆ మధ్య కంటి పరీక్షకని కోరాపుట్ వెళ్ళి పది రోజులుండిపోయారు. కళ్ళజోడు మారలేదేమని ఆయన అప్పుడు అడగనే లేదు. ఆవిడ ఒడియా గుణుపురం సంతలో నలభై ఏళ్ళు వంకాయలమ్మి నేర్చుకున్నది. తెర మీద గుమ్మం ముందు వణుకుతూ నిలబడ్డ కుర్రాళ్ళిద్దరితో గడగడా మాట్లాడేస్తున్నారు.

"ఆవిడేమంటున్నారండీ?" అన్నారు మాస్టారు.

"ఆవిడా... ఎరువు గురించి..."

"ఎరువా!" ముందు వరసలో రమణమూర్తి భార్య జయంతి పక్కన కూర్చున్న అమ్మన్నమ్మ దిగ్గున లేచారు. "నానెప్పుడు ఎరువు మాటెత్తేనల్లుడుబాబూ? అమ్మీ, బొమ్మ ఆపు. ఆ మైకిలా తెండి." మైకు చేతులు మారింది. "మాస్టారూ! జీడితోటా నేదు, గీడితోటా నేదు. ఆ కుర్రోళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి పాణం. కలిసి బతుకుతామని సెప్పడానికి నా కాడికొచ్చి బయపడతన్నారు. నానేటన్నానంటే, 'ఇన్నాళ్ళూ సెప్పనేదేటర్రా? ఒకడు తినెల్లిపోయేక ఇంకోడికి మల్లీ పొయ్యెలిగించి సచ్చేను. ఒక్కపాలే ఒండీదాన్ని కదా! కాళ్ళు కడుక్కుని రండి' అన్నాను. అదీ మాట."

ముందుగా జయంతి చప్పట్లు కొట్టింది. తర్వాత ఎవరెవరో అందుకున్నారు. వెనక నుంచి ఒక గొంతు, "ఆ వాన సీను మల్లీ ఎయ్యమ్మీ! ఈపాలి సరిగ్గా సెప్పమను!" అంది. రెండు వందల మందీ "ఎయ్యాల, ఎయ్యాల" అన్నారు.

అమ్మన్నమ్మ మైకుని అల్లుడి చేతిలో పెట్టేశారు. మళ్ళీ వాన. మళ్ళీ గుడారం. గగన్ పెదవి కదిపాడు. రమణమూర్తి ఆ మాటని ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో జయంతితో కూడా పైకి అన్న మనిషి కాడు.

"నువ్వంటే," అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకు ప్రేమ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు. "ఇరవై ఏళ్ళ నుంచీ సెప్పాలనుకుంటన్నాను. నువ్వు దూరమైపోతావని బయం." టుకునా మాట, గగన్ మాట, లోకం మాట, ఒక్క ముక్క దాచకుండా. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులతో, మగవాళ్ళు దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నారు. సినిమా అయిపోయాక హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

కిరణ్మయి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు ఫోన్లో నువ్వు సెప్పేవమ్మీ. నేనే ఇన్లేదు."

"ఇప్పుడిన్నావు కదా నాన్నా."

మాస్టారు వేదికెక్కారు.

"నాకు ఒడియా రాదు గానీ కళ్ళున్నాయండి," అన్నారు మాస్టారు. "ముద్దుకీ సంతకానికీ తేడా తెలీకుండానే ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పేననుకున్నారా? జీడితోట దగ్గరే నాకంతా అర్థమైపోయింది. కార్యదర్శిగారు ఎంతదాకా లాక్కెళ్తారో చూద్దామని ప్రశ్నలడిగేను. మంచి కథ పాడైపోతుంటే లాక్కుని నిలబెట్టే జనం ఉన్నచోటే నా పుస్తకాలుండాలి. ఆరు బీరువాలూ రాయగడవే."

పులిహోర చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి కోరాపుట్ సంఘం నుంచీ, గుణుపురం కాలేజీ నుంచీ ఫోన్లు వచ్చాయి. సినిమా తమ దగ్గరా వెయ్యాలి, అనువాదం అమ్మన్నమ్మగారే చెప్పాలి, కారు పంపిస్తాం అన్నారు. ఆవిడ ఒప్పుకున్నారు.

ఆవిడ మందుల సంచీ మోయడానికి మాత్రం మిత్రమండలి కార్యదర్శిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.