మామూలుగా ఉంటే చాలు

హాంగ్‌ఝౌ నగరంలోని ఉజ్జ్వల సంతాన కేంద్రం వారు, పిల్లల లోపాలను పిండ దశలోనే దిద్దే సదవకాశాన్ని ప్రజలకు కల్పించారు. లోపాల జాబితాలో పొట్టితనం, చప్పిడి ముక్కు, లెక్కలంటే భయం, పెద్దలకు ఎదురు చెప్పడం ఉన్నాయి. ఆఖరిదానికి గిరాకీ ఎక్కువ.

ముప్పై తొమ్మిదేళ్ల మెయ్‌చిన్‌కు ఆ కేంద్రంలో భద్రపరిచిన వాటిలో మిగిలింది ఒకే ఒక్క పిండం. దాని జోలికి ఎవరూ పోకూడదని ఆమె కోరిక.

"జబ్బేమీ లేదన్నారుగా అత్తయ్యా, ఇంకేం దిద్దుతారు?"

"మీ ఆయన్ని దిద్దకుండానే కన్నానే. ఏమైంది? కాలేజీ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాడు" అంది అత్తగారు షియావ్‌లాన్. పక్కనే ఉన్న మెయ్‌చిన్ భర్త తలాడించి ఆ సాక్ష్యాన్ని ధ్రువీకరించాడు.

నిబంధనల ప్రకారం ఇంటి పెద్ద వాంగ్మూలమే చెల్లుతుంది. తల్లి అభిప్రాయానికి దరఖాస్తులో చోటు చాల్లేదు.

కేంద్రం ఉపసంచాలకులు లేచి నిలబడి ప్రసంగించారు: "పెద్దమ్మగారూ! మీ వంశంలో మహామేధావి ఉదయించబోతున్నాడు! దేశం ఎదురుచూస్తోంది!"

పిల్లల్ని ఎవరైనా పొగిడితే కాదనడం అక్కడి మర్యాద. అరవై ఎనిమిదేళ్లుగా ఆ మర్యాద తప్పని షియావ్‌లాన్ రెండు చేతులూ ఊపేసింది. "అబ్బెబ్బే, ఎంత మాట! మా ఇంట్లో మేధావులా? అన్నీ మట్టిబుర్రలే. ఏదో మామూలుగా ఉంటే చాలు!"

గుమాస్తా ఆ మాటే వాంగ్మూలంగా రాసుకుని ఎర్ర ముద్ర కొట్టాడు.

"అయ్యో, మర్యాదకన్నానయ్యా!"

"ముద్ర పడిపోయిందండీ."

మెయ్‌చిన్ దగ్గు నటించి నవ్వు దాచుకుంది.

డౌడౌ మామూలుగానే పుట్టాడు. నాలుగేళ్లు గడిచాయి. ఆ అపార్ట్‌మెంట్లలో దిద్దిన పిల్లలందరిదీ ఒకే ఎత్తు, ఒకే ముక్కు. కూర్చోమంటే కూర్చునేవారు, లేవమనడం పెద్దలు మరిచిపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేవారు. డౌడౌ మాత్రం అంకెలు తప్పేవాడు, బురదలో దొర్లేవాడు, నాయనమ్మతో వాదించేవాడు.

పొరుగావిడ గుట్టుగా అడిగింది. "అక్కా, ఎవరి పోలికా లేకుండా ఎంత ప్రత్యేకంగా ఉన్నాడో! ఏం దిద్దించారేంటి?"

"ఏమీ లేదమ్మా. మామూలు పిల్లాడే" అంది మెయ్‌చిన్.

"చాల్లే, మా దగ్గర కూడానా నీ మర్యాద!"

వారం తిరక్కుండా కేంద్రం వారు ప్రజాభీష్టం మేరకు 'విశిష్ట మామూలు' పథకం ప్రారంభించారు. పిండాన్ని ఏమీ చేయకపోవడంలో వారి నైపుణ్యాన్ని పత్రికలు కొనియాడాయి. మామూలుతనంలో శిక్షణ తరగతులు వెలిశాయి. షియావ్‌లాన్ మనవణ్ణి మొదటి జట్టులోనే చేర్పించి, తెల్లారి ఆరింటికి చెవి పట్టుకుని లేపుతోంది.

"లేవరా! ఎదురింటివాడు బురదలో నీకంటే బాగా దొర్లుతున్నాడట, సిగ్గులేదూ?"