బొంతలో తెల్లవారింది

ఆ ఉదయం గుమాస్తాగారికి ఉన్న పని ఒక్కటే, ఊరికే కూర్చోవడం. హాల్లో నేల మీద నూట అరవై తొమ్మిది గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. నెల కిందట పుట్టిన మనవరాలి కోసం బొంత. ఆయన భార్య మూడు వారాలుగా రంగులు కలుపుతూ, విడదీస్తూ, కళ్లు చికిలించి చూస్తూ, ఎక్కడో ఏదో లోటుందని గొణుక్కుంటూనే చివరికి ఓ వరస కుదిర్చింది. దారం కోసం బజారుకు బయలుదేరుతూ, "ఫ్యాను జోలికి మాత్రం వెళ్లకండి," అంది.

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అన్నారాయన.

ఆవిడ బొంతలంటే ఆయనకు భక్తి. పాత చొక్కాల్లోంచి పూలతోటలు పుట్టుకొస్తుంటే నోరు తెరుచుకుని చూసేవారు. చిక్కల్లా ఆయన కళ్లతోనే. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకు ఒక్కలాగే కనిపిస్తాయి. రంగుల్లోనే బతికే మనిషికి రంగులు తెలియని మొగుడా అని నొచ్చుకుంటుందేమోనన్న భయంతో ముప్పై ఏళ్లుగా ఆ సంగతి దాచారు. ఏది చూపించినా "బ్రహ్మాండం!" అని గట్టెక్కేవారు.

పేపరు చదవడానికి లైటు వేయబోయారు. వెలుగు రాలేదు, గాలి వచ్చింది. స్విచ్ ఆపేలోగా మనవరాలి బొంత సోఫా కిందికి, అల్మారా మీదికి, ఆయన నెత్తి మీదికి చేరిపోయింది.

ముక్కలన్నీ ఏరి, కిటికీలోంచి పక్కింటి పిన్నిగారిని కేకేశారు.

"పిన్నిగారూ, వీటిలో ఎర్రవేవో కాస్త చెబుతారా? కళ్లజోడు కనిపించడం లేదు."

"మీ ముక్కు మీదే ఉందిగా," అంటూ వచ్చి ఆవిడ ఎరుపులన్నీ ఓ మూలకు తోశారు. ఎదురింటి టైలరు తొంగిచూసి, "అయ్యో, ఎరుపు పక్కన పసుపు పడాలండీ," అని మొత్తం కదిపేశాడు. "నాకు చెప్పొచ్చావా!" అని పిన్నిగారు మళ్లీ కదిపారు. పావుగంటలో ఇద్దరూ ఒకే ముక్కను చెరో కొసా పట్టుకుని లాగారు. అది పర్రున చిరిగింది.

"మహాప్రభో, ఇక దయచేయండి," అని ఇద్దరినీ సాగనంపి గుమాస్తాగారు తలుపేసుకున్నారు.

ఇక రంగుల పేర్లు పట్టుకుని వేలాడితే లాభం లేదనుకున్నారు. ఆయన కంటికి తెలిసింది ముదురూ, లేతా. ముదురువి అంచులకు, లేతవి లోపలికి పేర్చుకుంటూ పోయారు. నట్టనడుమ ఒక ముక్క తక్కువైంది. తన తెల్ల జేబురుమాలు కత్తిరించి అక్కడ పెట్టారు.

తలుపు తోసుకుని వచ్చిన భార్య గడపలోనే నిలబడిపోయింది.

"ఇది ఎవరు చేశారు?"

ఆయన అంతా కక్కేశారు. ఫ్యాను, చిరిగిన ముక్క, ముప్పై ఏళ్ల అబద్ధం. ఆమె చెప్పులైనా విప్పకుండా నేల మీద కూలబడి చూస్తోంది. ఆయనా అప్పుడే తేరిపార చూశారు. చీకటి అంచుల్లోంచి నడుమకు మెల్లమెల్లగా తెల్లవారుతోంది. తన చేతులే ఆ పని చేశాయంటే నమ్మబుద్ధి కాలేదు.

"మూడు వారాలూ రంగులే చూశానండీ," అంది ఆమె. "వెలుగు చూడలేదు."

"మరి నా కళ్ల సంగతి..."

"పెళ్లైన వారానికే తెలుసు. నా ఆకుపచ్చ గొడుగు తెమ్మంటే ఎవరిదో ఎర్ర గొడుగు పట్టుకొచ్చారు. మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నా."

ఆ బొంతకు రంగులు కుదిర్చింది తనేనని పిన్నిగారూ, కాదు తనేనని టైలరూ వీధిలో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.